కుళాయి నీటి వెనుక కరెంటు

విద్యార్థి మిత్రులారా,

స్మార్ట్ నగరం అనగానే ఎల్‌ఈడీ వీధి దీపాలు, స్మార్ట్ మీటర్లు గుర్తుకొస్తాయి. అవీ కావాలి. అయితే పట్టపగలు వెలిగే దీపం అందరి కంటా పడుతుంది, ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు. కుళాయి నీటితోపాటు పోయే కరెంటు ఎవరికీ కనిపించదు. ఈ రోజు దాని గురించే మాట్లాడతాను.

నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, అంటే 180 మీటర్లు. హైదరాబాద్ ఉన్నది సుమారు 540 మీటర్ల ఎత్తున. కృష్ణా నీటిని కోదండాపూర్‌లో శుద్ధి చేసి, దారిలో మళ్లీ మళ్లీ పంపులతో ఎత్తిపోసి గున్‌గల్ జలాశయానికి చేరిస్తే, అక్కడి నుంచి నగరానికి దిగుతుంది. మీరే లెక్క కట్టండి. వెయ్యి లీటర్లను 360 మీటర్లు ఎత్తాలంటే దాదాపు ఒక యూనిట్ కావాలి. పంపుల్లో, మోటార్లలో, గొట్టాల రాపిడిలో పోయేది దీనికి అదనం. మూడు దశల కృష్ణా పథకం సామర్థ్యం రోజుకు 27 కోట్ల గ్యాలన్లు, అంటే సుమారు 122 కోట్ల లీటర్లు. పూర్తిగా నడిచిన రోజున కనీసం 12 లక్షల యూనిట్లు! ఈ కనీస ఖర్చును ఏ కంప్యూటరూ తగ్గించలేదు.

తగ్గించగలిగింది వృథా ఒక్కటే. అందుకే రోడ్డు మీద పగిలిన గొట్టాన్ని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. అక్కడ పారుతున్నది ఎంతో దూరం నుంచి, ఎంతో ఎత్తు ఎక్కి వచ్చిన నీరు. అపార్ట్‌మెంట్ పైట్యాంకు పొంగిపొర్లినా అంతే. పైగా ఆ నీటిని సంపు నుంచి ఇంకోసారి ఎత్తాం.

1908 మూసీ వరదల తర్వాత విశ్వేశ్వరయ్య ఆలోచనతో రూపుదిద్దుకుని, 1920లో పూర్తయిన గండిపేట చెరువును చూడండి. పంపు అవసరం లేకుండా, నేల వాలును నమ్ముకుని ఆ నీటిని ఊళ్లోకి తెచ్చారు. ఆ ఇంజనీర్లకు చేతులెత్తి మొక్కాలి. ఊరికి ఎగువన ఉన్న అలాంటి చెరువును కాపాడుకోవడం నా దృష్టిలో విద్యుత్ పొదుపు పథకమే.

ఇక సెన్సర్ల మాట. ముందుగా ప్రతి పేటకూ నీరు ప్రవేశించే చోట ఒక మీటరు, ప్రతి ఇంటికీ పనిచేసే మీటరు ఉండాలి. ఆ రెండు లెక్కలకూ మధ్య ఉన్న తేడాలోనే మన కరెంటు పోతోంది. ఈ సెమిస్టర్ ప్రాజెక్టుగా మీ వసతిగృహంతోనే మొదలుపెట్టండి: సంపులోకి వచ్చిన నీరెంత, కుళాయిల్లో వాడినదెంత, మోటారు నడిచిన గంటలెన్ని. నెల రోజుల లెక్క రాసి తీసుకురండి, కలిసి కూర్చుని చూద్దాం.