తెల్లవారుజామున మూడు గంటలకు నాన్న డైరీలు

నమస్కారమండీ. కెమెరా కాస్త వణుకుతోంది, ఏమీ అనుకోకండి. కడపలో ఇప్పుడు తెల్లవారుజామున మూడు గంటలు. డిసెంబరులో డాలస్‌కూ ఇక్కడికీ పదకొండున్నర గంటల తేడా, అందుకే నా ఒంటికి ఇంకా మధ్యాహ్నమే. ఇల్లంతా నిద్రపోతోంది. నేను మాత్రం మిద్దె మీది గదిలో ఇనుప బీరువా తెరుచుకుని కూర్చున్నాను.

ఇవి నాన్న డైరీలు. ఎరువుల కొట్టువాళ్లు ఏటా ఊరికే ఇచ్చేవి. 1989 నుంచి ఉన్నాయి. రోజుకు మూడు నాలుగు వరుసలు, అంతకు మించి లేదు. ఒకటి చదువుతాను వినండి. "వేరుశనగ విత్తనం ఆరు మూటలు. బోరు నీళ్లు సన్నగా వస్తున్నాయి. సాయంత్రం మబ్బు పట్టింది, వాన లేదు." తర్వాతి పేజీలోనూ మబ్బు పట్టింది, వాన లేదు. పదకొండు రోజులు ఇదే వరుస. పన్నెండో రోజు పేజీలో ఒక్కటే మాట, "తడిసింది." ఈ ఒక్క పేజీని కెమెరాకు దగ్గరగా పెడుతున్నాను, సిరా కూడా కొంచెం అలుక్కుపోయింది చూడండి.

నాలుగేళ్లుగా రోజూ మీతో మాట్లాడుతున్నాను కదా, మళ్లీ రాయడం ఎందుకు అనుకునేదాన్ని. పోయిన ఏడాది ఎందుకో పట్టుదల కలిగి, రాత్రి పడుకునే ముందు పది వరుసలు తెలుగులో రాయడం మొదలుపెట్టాను. మొదటి వారం చేయి తిరగలేదు. 'జ్ఞాపకం' అని రాయబోయి, ఆ ఒత్తు ఎలా వేస్తారో గుర్తురాక ఆగిపోయాను. నవ్వకండి. రెండో నెలలో నాలుగు రోజులు తప్పిపోయింది, ఇక అయిపోయిందనుకున్నాను. అప్పుడే యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకుల అధ్యయనం ఒకటి చదివాను. ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టిందట, కొందరికి 18, కొందరికి 254. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టం లేదట. నాకు తప్పింది నాలుగు రోజులు, అయినా ఆ మాట పట్టుకుని మళ్లీ కూర్చున్నాను.

మూడో నెలలో వెనక్కి తిప్పి చూసుకుంటే సిగ్గేసింది. ఒకే నెలలో పద్దెనిమిది సార్లు "అమ్మ కంటి పరీక్ష సంగతి రేపు చూడాలి" అని రాసుకున్నాను. ఆ నెల వీడియోలన్నీ చూశాను. పండుగ ఉంది, కొత్త సోఫా ఉంది, అమ్మ కళ్ల మాట ఒక్కదానిలోనూ లేదు.

ఇంకొక లాభం నిద్ర. డాలస్‌కు గంటన్నర దూరంలోని వేకోలో బేలర్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడివాళ్లు 2018లో ఒక ప్రయోగం ప్రచురించారు. పడుకునే ముందు ఐదు నిమిషాలు, చేయాల్సిన పనులు కాగితం మీద రాసినవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్ల కంటే సుమారు తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్రపోయారు. పాల్గొన్నది 57 మందే, కాబట్టి మరీ ఎక్కువగా నమ్మేయకండి. నాకైతే పనిచేసింది, ఇవాళ తప్ప!

ఇప్పుడు ఉదయం పదకొండు. ఎర్రముక్కపల్లెలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ముందు ఉన్నాను. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ దొర బంగళా ఉన్న చోటు ఇదే. ఇక్కడికి వచ్చినప్పుడల్లా నాకు ఏనుగుల వీరాస్వామయ్య గుర్తుకొస్తాడు. 1830 మేలో చెన్నపట్నంలో బయలుదేరి, ఈ కడప మీదుగానే కాశీకి వెళ్లాడు. పదిహేను నెలల ప్రయాణంలో ఎక్కడ దిగాడో, దారి ఎలా ఉందో, ఏమి దొరికిందో ఎప్పటికప్పుడు రాశాడు. తెలుగులో మొదటి ప్రయాణ వ్లాగరు ఆయనే అని నేను వాదిస్తాను, కెమెరా ఒక్కటే తక్కువ.

ఇంటికి రాగానే నాన్నను ఒకటి అడిగాను. నేను అమెరికాకు విమానమెక్కిన రోజు డైరీలో "మోటారు రిపేరు, 850" అని తప్ప ఏమీ లేదు.

"నువ్వు పోయిన రోజు మరచిపోతానా అమ్మా? మోటారుకు ఎంత ఇచ్చానో మరచిపోతాను. అందుకే అది రాశాను" అన్నాడు, పేపరు మడుస్తూ.

సాయంత్రం కారం దోసె తిని వచ్చి నా పది వరుసలు రాశాను. అందులో నాలుగు ఆ ఎర్ర కారం గురించే. చివరి వరుస, అమ్మ కంటి పరీక్ష గురువారం పదిన్నరకు.