ఒకే రాత, వేరువేరు వేళ్లు

సభకు నమస్కారం.

పండుగ రోజుల్లో బట్టల దుకాణాల ముందు కట్టే ‘సేల్’ అన్న ఇంగ్లీషు మాట మనకందరికీ తెలుసు. ఎస్, ఎ, ఎల్, ఇ అనే ఆ నాలుగు అక్షరాలే ఇటలీలో ఉప్పు పొట్లం మీద ఉంటాయి. అక్కడ వాటిని ‘సాలె’ అని చదువుతారు. ఫ్రెంచివారికి అవే అక్షరాలు ‘సల్’, అంటే మురికి. స్పానిష్‌లో మళ్లీ ‘సాలె’యే గాని, అర్థం ‘బయటికి వెళ్తాడు’.

రాత ఒకటైతే పుట్టుకా ఒకటేనని తోస్తుంది. నిజానికి ఇంగ్లీషు మాట స్కాండినేవియా ప్రాంతపు ప్రాచీన భాష అయిన పాత నార్స్‌లోని ‘సాల’ నుంచి వచ్చింది. అమ్మడమనే అర్థం గల ‘సెల్’ దానికి చుట్టం. ఫ్రెంచి మాట ఫ్రాంకులనే ప్రాచీన జాతివారి జర్మానిక్ భాష నుంచి వచ్చింది. ముఖం పాలిపోయిందని చెప్పే ఇంగ్లీషు ‘సాలో’ దాని తోబుట్టువు. ఇటాలియన్ ఉప్పు మాత్రం లాటిన్ ‘సాల్’ సంతానం.

ఉప్పుకూ మురికికీ చుట్టరికం లేదని ఎలా తెలుస్తుంది? ఇక్కడే, ఒక భాషలో ధ్వనులు కాలక్రమంలో ఒకే తీరున మారతాయనే ధ్వని నియమం సాక్ష్యం చెబుతుంది. లాటిన్‌లో ఊనిక పడిన, అంటే నొక్కి పలికే, అకారం ఫ్రెంచిలో చాలాచోట్ల ఎకారమైంది: సముద్రమనే ‘మారె’ అక్కడ ‘మేర్’ అయింది, ఉప్పు ‘సెల్’ అయింది. అకారం చెక్కుచెదరకుండా నిలిచిన ‘సల్’ ఆ దారిన వచ్చింది కాదు. మన సాలెపురుగులోని ‘సాలె’కు ఇటలీ ఉప్పుతో ఎంత సంబంధమో, దీనికీ అంతే.

ఈ పద్ధతి మనకు పరాయిది కాదు. తెలుగులో సంస్కృత పదాలు విస్తారంగా కనిపిస్తున్నాయి గనుక తెలుగు సంస్కృతం నుంచే పుట్టిందని పండితులు నమ్ముతున్న రోజుల్లో, 1816లో వెలువడిన క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో మద్రాసులోని ఇంగ్లీషు అధికారి ఎల్లిస్ పైపై పోలికలను పక్కనపెట్టి, తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను వరుసగా పోల్చి, వాటి మూలం సంస్కృతం కంటే వేరని చూపాడు. ఆ పుటలను మన విద్యార్థులు తప్పక చదవాలని నా కోరిక.

అయితే పోలికలన్నీ మోసం కావు. ‘పైకి ఎక్కుతాడు’ అనడానికి కూడా ఇటాలియన్‌లో ‘సాలె’ అంటారు. అదీ, బయటికి వెళ్లే స్పానిష్ ‘సాలె’యూ, దూకడమనే అర్థం గల లాటిన్ ‘సలీరె’ బిడ్డలే. అందుకే జెనోవా నగరంలో కొండమీదికి ఎక్కే సందుల పేర్లలో ‘సలీతా’ అని ఉంటుంది; స్పెయిన్ రైల్వే స్టేషన్లలో బయటికి దారి చూపే పలక మీద ‘సలీదా’ అని ఉంటుంది.