కాళ్ల మీద ఉబ్బిన సిరలు: ఉబ్బు ఒకచోట, లీకు ఇంకోచోట

యాంకర్: డాక్టర్ గారూ, కొందరికి తొడ మీద సాలెగూడులా సన్నటి నీలం, ఎరుపు గీతలు. ఇంకొందరికి పిక్క మీద మెలికలు తిరిగిన ఉబ్బు. రెండూ ఒకటేనా?

డాక్టర్: ఒకే కుటుంబమండీ, సైజే తేడా. మిల్లీమీటరు లోపువి స్పైడర్ వెయిన్స్. మనిషిని నిలబెట్టి కొలిస్తే 3 మిల్లీమీటర్లు, ఆపైన ఉన్నవి వెరికోస్. స్పైడర్ వెయిన్స్‌తో చాలామందికి చూపుకి తప్ప ఇబ్బందేమీ ఉండదు. అయితే చీలమండ లోపలివైపు గుంపుగా వచ్చాయంటే మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. సిరల్లో ఒత్తిడి పెరిగిందనడానికి అదొక గుర్తు.

యాంకర్: ఆ ఒత్తిడి ఎక్కణ్నుంచి వస్తుంది?

డాక్టర్: నడిచేటప్పుడు పిక్క కండరం బిగిసి రక్తాన్ని పైకి తోస్తుంది. అది మళ్లీ కిందికి జారకుండా సిరల్లోని కవాటాలు మూసుకోవాలి. గజ్జల దగ్గర కవాటం సరిగా మూసుకోలేదనుకోండి, రక్తం వెనక్కి జారి ఆ బరువుకి కింది సిర సాగుతుంది. సాగాక అక్కడి కవాటం రెక్కలు ఒకదానికొకటి అందవు. అదీ లీకే. ఇక కిందిదాకా ఇదే వరస. అందుకే పిక్క మీద ఉబ్బు చూసి అక్కడే వైద్యం మొదలుపెడితే లాభం లేదు.

యాంకర్: అంటే రక్తం ఎటు పారుతోందో చూపే డాప్లర్ స్కాన్ తప్పదు.

డాక్టర్: తప్పదు, అదీ నిలబెట్టి చేయాలి. పడుకోబెట్టి చేస్తే లీకు దొరక్కపోవచ్చు. పిక్కను నొక్కి వదిలాక సఫీనస్ సిరలో, అంటే చర్మం కింద కాలి పొడుగునా ఉండే పెద్ద సిరలో, రక్తం అర సెకనుకు మించి వెనక్కి పారితే లీకున్నట్టే. అప్పుడు లేజర్‌తోనో రేడియోఫ్రీక్వెన్సీతోనో ఆ సిరను లోపల్నుంచి వేడిచేసి మూసేస్తారు. రక్తం లోతు సిరల దారి పడుతుంది కాబట్టి అవి బాగున్నాయో లేదో ముందే చూస్తారు. ఇదంతా వదిలేసి పైగీతలకు ఇంజెక్షన్లు చేయించుకుంటే, కొన్నాళ్లకు మళ్లీ వస్తాయి.

యాంకర్: మరి కాలిని బిగించి పట్టే స్టాకింగ్స్?

డాక్టర్: కాళ్లు బరువుగా అనిపించడం, వాపు తగ్గిస్తాయి, చెడిన కవాటాన్ని బాగుచేయవు. చీలమండ దగ్గర సన్నటి చోట, పిక్క లావుగా ఉన్నచోట టేపుతో కొలిచి సైజు తీసుకోవాలి. పొద్దున మంచం దిగకముందే వేసుకోవాలి, కాలు వాచాక ఎక్కదు. మడమ దాకా లోపలివైపు తిరగేసి పాదం దూర్చి, మడమ సరిగ్గా కూర్చున్నాక కొంచెం కొంచెంగా పైకి లాగాలి. పొడుగైందని పై అంచు మడిచేస్తారు చూడండి, అది పెద్ద పొరపాటు. మడత దగ్గర బిగిసి కింద వాపు పెరుగుతుంది. ఇంకో మాట, షుగర్ ఉన్నవాళ్లు, పొగతాగేవాళ్లు, నాలుగడుగులేస్తే పిక్క పట్టేసేవాళ్లు ముందు ధమనులు పరీక్ష చేయించుకోవాలి. ధమనుల్లో రక్తం సరిగా ఆడని కాలికి ఇవి వేస్తే ప్రమాదం.

యాంకర్: ఉబ్బిన సిర చిట్లి నెత్తురు కారితే?

డాక్టర్: వెంటనే పడుకుని కాలు గుండెకంటే ఎత్తులో పెట్టాలి. శుభ్రమైన గుడ్డతో సరిగ్గా ఆ చోటే 10-15 నిమిషాలు వదలకుండా నొక్కాలి. మధ్యమధ్యలో తీసి చూడొద్దు. తొడకు తాడు కట్టొద్దు, దాంతో సిరలో ఒత్తిడి పెరిగి ఇంకా కారుతుంది. ఆగకపోతే ఆస్పత్రికి వెళ్లాలి.

యాంకర్: ఒక్క కాలే ఉన్నట్టుండి వాస్తే?

డాక్టర్: లోతు సిరలో రక్తం గడ్డకట్టిందేమో ఆ రోజే చూపించుకోవాలి. ఆయాసం, ఛాతీలో నొప్పి కూడా ఉంటే నేరుగా ఎమర్జెన్సీకే.