బ్యాంకుకిచ్చిన ఈమెయిల్ పీజీ ఫారంలో రాయకండి
అందరికీ నమస్తే. బెంగళూరు వచ్చిన కొత్తలో నేను మారతహళ్లి పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) ఫారంలో, జిమ్ ట్రయల్‌కి, మాల్‌లో లక్కీ డ్రా కూపన్ మీద, అద్దె ఇల్లు వెతికే సైట్లలో ఒకే ఈమెయిల్ రాసేశాను, బ్యాంకుకి ఇచ్చిందీ అదే. ఏడాది తిరిగేసరికి కేవైసీ ఆగిపోయిందంటూ బ్యాంకు పేరుతో మెయిళ్లు మొదలయ్యాయి, ఏది అసలో ఏది దొంగో తేలక ఒకరోజు లింకు నొక్కేశాను. డబ్బు పోలేదు కానీ ఆ రాత్రంతా నిద్ర లేదు. ఆ టెన్షన్ మీకు వద్దు.

ఏ యాప్‌లోనైనా పాస్‌వర్డ్ మర్చిపోయామని నొక్కితే లింకు ఎక్కువగా వచ్చేది ఈమెయిల్‌కే కదా, అంటే అది మన తాళాలగుత్తి. అందుకే బ్యాంకు, పీఎఫ్, ఇన్‌కమ్ ట్యాక్స్ కోసం విడిగా ఒక అకౌంట్ తెరవండి. అడ్రస్‌లో పుట్టిన సంవత్సరం పెట్టకండి, పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో రుజువు కూడా అడిగే టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి, ఇంకెక్కడా రాయకండి. బ్యాంకులో ఈ కొత్త అడ్రస్‌కి మార్చుకున్న తర్వాత బ్యాంకు పేరుతో పాత అడ్రస్‌కి మెయిల్ వచ్చిందంటే అది దొంగదేనని తెరవకుండానే తెలిసిపోతుంది. నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే.

ఇప్పుడు స్క్రీన్ మీద చూడండి. జీమెయిల్ అడ్రస్‌లో మీ పేరు తర్వాత, @ కి ముందు ప్లస్ గుర్తు, దాని పక్కన జిమ్ అని టైప్ చేసి ఇచ్చినా మెయిల్ మీ ఇన్‌బాక్స్‌కే వస్తుంది. రేపు ఆ అడ్రస్‌కి లోన్ ప్రకటన వస్తే మీ ఈమెయిల్ ఎక్కడినుంచి బయటికి పోయిందో అర్థమైపోతుంది. కాకపోతే ప్లస్ తీసేస్తే అసలు అడ్రస్ ఎవరికైనా కనిపిస్తుంది, కొన్ని సైట్లు ప్లస్‌ని ఒప్పుకోవు కూడా.

నిజంగా దాచాలంటే మారు అడ్రస్ వాడాలి. ఫైర్‌ఫాక్స్ రిలేలో 5 ఉచితం, డక్‌డక్‌గోలో కూడా ఉచితమే, ఐఫోన్ వాళ్లకి ఐక్లౌడ్ ప్లస్‌లో హైడ్ మై ఈమెయిల్ ఉంది. వాటికి వచ్చిన మెయిల్ మీ ఇన్‌బాక్స్‌కి చేరుతుంది, విసుగొస్తే ఆ ఒక్కదాన్ని ఆపేస్తే చాలు. బ్యాంకుకి మాత్రం ఇవి ఇవ్వకండి, రేపు ఆ సర్వీసే మూతపడితే ఇబ్బంది.

2013లో సెక్యూరిటీ నిపుణుడు ట్రాయ్ హంట్ మొదలుపెట్టిన హ్యావ్ ఐ బీన్ పోన్డ్ సైట్‌లో మీ పాత ఈమెయిల్ కొట్టి చూడండి. ఆ సైట్‌కి తెలిసిన డేటా లీకుల్లో ఉంటే చూపిస్తుంది, అక్కడి పాస్‌వర్డ్, అదే పాస్‌వర్డ్ పెట్టిన మిగతాచోట్లా వెంటనే మార్చండి.

పాత అకౌంట్‌ని తొందరపడి తీసేయకండి, దానిమీద ఏమేం నడుస్తున్నాయో మనకే గుర్తుండదు. అలాగని వదిలేయకండి, 2 ఏళ్లు వాడకపోతే గూగుల్ తీసేయొచ్చు. నెలకోసారి తెరిచి, అవసరమైన మెయిళ్లు ఎవరినుంచి వస్తున్నాయో చూసి, ఒక్కొక్కటీ కొత్తదానికి మార్చుకుంటూ పోండి, బ్యాంకు మాత్రం ఈరోజే.