ముందు తేలాల్సింది తలుపు: పాత ట్రావెల్ ట్రైలర్‌లోకి వీల్‌చైర్

అందరికీ నమస్కారం.

ట్రావెల్ ట్రైలర్ అంటే కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే, లోపల ఉండటానికి వీలున్న బండి. అలాంటి పాతది కొని బాగుచేసుకునేవాళ్లు ముందు మురిసిపోయేది లోపలి అందం చూసే. చెక్క అల్మరాలు, గుండ్రటి మూలలు, మెరిసే అల్యూమినియం. మురిసిపోండి, కాదనను. కానీ అందులో ఉండబోయే మనిషి వీల్‌చైర్ వాడేవాళ్లయితే అల్మరాల సంగతి ఆఖర్న చూసుకోవచ్చు. ముందు తేలాల్సింది తలుపు.

పాత ట్రైలర్లలో చాలావాటికి తలుపు రెండడుగులకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. వీల్‌చైర్ వెడల్పు కూడా ఇంచుమించు అంతే. అమెరికాలో 1990లో వచ్చిన దివ్యాంగుల చట్టం కింద భవనాలకు పెట్టిన ప్రమాణాల ప్రకారం తలుపు తెరిచినప్పుడు కనీసం 32 అంగుళాల ఖాళీ ఉండాలి. సొంత ట్రైలర్‌కి ఆ నియమం వర్తించదు, కానీ కొలత మాత్రం బాగా పనికొస్తుంది.

తలుపు పెద్దది చేయాలంటే రంపం పెట్టి కోసేస్తే సరిపోదు. ఎయిర్‌స్ట్రీమ్ కంపెనీ చేసే అల్యూమినియం ట్రైలర్ల లాంటి బండ్లలో పైరేకు, దాని లోపలి ఫ్రేము, నేల, చాసిస్ అన్నీ కలిసి బరువు మోస్తాయి. ఫ్రేములో ఒక బద్దను తెంపారంటే అది మోసే బరువుని మోయడానికి ఇంకోటి పెట్టాలి. అంటే తలుపు చుట్టూ గట్టి చట్రం, పైన అడ్డకమ్మీ. లేదంటే రోడ్డు కుదుపులకి తలుపు బిగుసుకుపోతుంది, రివెట్ల దగ్గర రేకు చీలుతుంది. మిగతావన్నీ మీరే చేసుకున్నా, ఈ పని మాత్రం తెలిసినవాళ్లకి అప్పజెప్పండి.

ఇక ఎత్తు. అవే ప్రమాణాల్లో ర్యాంపు వాలు 1:12, అంటే అంగుళం ఎత్తుకి అడుగు పొడవు. ట్రైలర్ నేల 24 అంగుళాల ఎత్తులో ఉంటే ర్యాంపు 24 అడుగులు ఉండాలి. కొన్ని ట్రైలర్లే అంత పొడుగుండవు! అందుకే చాలామంది చివరికి లిఫ్టు దగ్గరికే వస్తారు. అయితే లిఫ్టు బరువు ఎక్కడ పడుతుందో చూసుకోవాలి. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం, లాగే వాహనానికి తగిలించే ముందు కొక్కెం మీద ఉండాలి. అంతకన్నా తగ్గితే వేగంలో బండి అటూ ఇటూ ఊగుతుంది. కాబట్టి లిఫ్టు, బ్యాటరీలు, నీళ్ల ట్యాంకు ఎక్కడెక్కడ పెట్టాలో లెక్కేసుకున్నాకే పనిముట్లు పట్టుకోండి.

నేల కూడా తేలిగ్గా తీసుకోవద్దు. పైకి బాగానే కనిపించే ప్లైవుడ్ గోడల అంచున పుచ్చిపోయి ఉండొచ్చు, స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. మోటారు కుర్చీ, మనిషి కలిస్తే 200 కిలోలు దాటొచ్చు, ఆ బరువంతా చిన్న చక్రాల మీదే పడుతుంది.

కుర్చీ పూర్తిగా తిరగాలంటే 60 అంగుళాల చోటు కావాలి. ట్రైలర్ వెడల్పు బయటి నుంచి కొలిచినా మహా అయితే ఎనిమిదిన్నర అడుగులు. అందుకని మధ్యలో ఒక్కచోటైనా రెండు పక్కలా సామాను లేకుండా వదిలేయాలి. మంచం ఎత్తు కుర్చీ సీటుతో సమానంగా ఉంటే ఒకదాని మీంచి ఇంకోదాని మీదకి మారడం సులువు.

అందరూ వాయిదా వేసే విషయం ఒకటుంది. మంటలంటుకుంటే ఎలా? అత్యవసర కిటికీ లోంచి దూకమని వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లకి చెప్పలేం. కరెంటు పోతే లిఫ్టు ఆగిపోతుంది. చేత్తో దించే పిడి ఉన్నా అది బయటివైపే ఉంటే లోపలి మనిషికి అందదు. లిఫ్టు కొనేముందే ఆ పిడి ఎక్కడుందో అడగండి. వంటగ్యాస్ గాలికంటే బరువు, కాబట్టి దాని అలారం నేలకి దగ్గరగా పెట్టించండి.

ఇప్పుడు మీ ట్రైలర్ ప్లాన్లు తీయండి, తలుపులతోనే మొదలుపెడదాం.