జర్మన్ 1 క్లాసులో చేరుతున్నారా?

నమస్కారం. అమెరికాలో ఉన్న మన తెలుగు పిల్లలు హైస్కూల్లో చేరేటప్పుడు ప్రతి ఇంట్లోనూ ఒక చర్చ నడుస్తుంది, ఫారిన్ లాంగ్వేజ్ ఏది తీసుకోవాలి అని. ఎక్కువమంది స్పానిష్ అంటారు, కొందరు ఫ్రెంచ్ అంటారు, ఎక్కడో ఒకరిద్దరు జర్మన్ అంటారు. ఈరోజు నా మాటలు ఆ ఒకరిద్దరి కోసం, వాళ్ల కంటే ఎక్కువ టెన్షన్ పడుతున్న వాళ్ల అమ్మానాన్నల కోసం.

ముందు ఒక విషయం. ఇది ఒక్క ఏడాదితో వదిలేసే క్లాసు కాదు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా లాంటివి హైస్కూల్లో ఒకే భాష కనీసం రెండేళ్లు చదివి ఉండాలంటాయి, మూడేళ్లయితే ఇంకా మంచిదంటాయి. కాబట్టి జర్మన్ 1లో వేసే పునాది జర్మన్ 2కి, ఆ పైన ఏపీ, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు దాకా వెళ్లే పిల్లలకి అక్కడికీ పనికొస్తుంది.

మొదటి కొన్ని వారాలు సరదాగానే గడుస్తాయి. టీచర్ వచ్చీ రాగానే 'గూటెన్ మోర్గెన్' అంటారు, పేరు, వయసు, ఊరు చెప్పిస్తారు, చాలా క్లాసుల్లో మొదటి రోజు నుంచే వీలైనంత జర్మన్‌లోనే మాట్లాడతారు. అన్నీ అర్థం కాకపోయినా ఫరవాలేదు, అర్థం కావాలని ఎవరూ అనుకోరు కూడా. తర్వాత అంకెలు, రంగులు, వారాలు, కుటుంబం, బడి సామాన్లు, తిండి. ఇరవై ఒకటిని 'ఒకటీ ఇరవై' అన్నట్టు తిప్పి చెబుతారు, అందుకని ఫోన్ నంబర్లు విని రాసుకునే రోజున పిల్లలు 21కి బదులు 12 వేసేస్తారు, అది అందరికీ అయ్యేదే. నువ్వు, మీరు తేడా కూడా ఉంది, స్నేహితుడైతే 'డు', టీచరైతే 'జీ'. ఇంగ్లీషు మాత్రమే తెలిసిన పిల్లలకి ఇది కొత్త, తెలుగింటి పిల్లలకి మాత్రం ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. జర్మన్‌లో ప్రతి నామవాచకానికీ ముందు ఒక చిన్న మాట ఉంటుంది. డేర్, డీ, డాస్. పుంలింగానికి డేర్, స్త్రీలింగానికి డీ, నపుంసకానికి డాస్. మనుషుల వరకూ చాలావరకు సరే, వస్తువుల దగ్గరికి వస్తే తర్కం పనిచేయదు. చెంచా డేర్ లోఫెల్, ఫోర్కు డీ గాబెల్, కత్తి డాస్ మెసర్. ఒకే బల్ల మీద, ఒకే పళ్లెం పక్కన ఉన్న మూడు వస్తువులకి మూడు లింగాలు! ఎందుకని అడగొద్దు, అలాగే నేర్చుకోవాలి.

ఈ చిన్న మాట మీద ఇంత పట్టుదల ఎందుకో ఒక్క ఉదాహరణతో చెబుతాను, నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ ఇది. కుక్క మనిషిని కరిచింది. దీన్నే మనం 'మనిషిని కుక్క కరిచింది' అని కూడా అంటాం. మాటలు అటూ ఇటూ మారినా కరిచింది కుక్కే, కరిపించుకున్నది మనిషే. ఎలా తెలిసింది? 'మనిషిని'లో ఆ 'ని' వల్ల. చిన్నప్పుడు వల్లె వేశాం కదా, నిన్ నున్ లన్ కూర్చి గురించి, ద్వితీయా విభక్తి, అదే ఇది. ఇంగ్లీషులో అలా మాటలు తారుమారు చేస్తే మనిషే వెళ్లి కుక్కని కరిచినట్టు అవుతుంది. జర్మన్‌లో మాత్రం మన దారే. 'డేర్ హుండ్ బైస్ట్ డేన్ మన్' అంటే కుక్క మనిషిని కరుస్తుంది. 'డేన్ మన్ బైస్ట్ డేర్ హుండ్' అన్నా అదే అర్థం, కాకపోతే మనిషి మీద కాస్త నొక్కు. గమనించారా, డేర్ కాస్తా డేన్ అయింది. మన 'ని' మాట చివర చేరుతుంది, వాళ్లది మాట ముందు మారుతుంది, పని ఒక్కటే.

క్లాసులో టీచర్ ఈ విభక్తికి 'అక్కుజాటివ్' అనే పేరు బోర్డు మీద రాసిన రోజున చాలామంది పిల్లలు డీలా పడతారు. మన పిల్లలు పడక్కర్లేదు, రోజూ ఇంట్లో 'అమ్మని పిలువు', 'తమ్ముణ్ణి లేపు' అంటూ వాళ్లు చేస్తున్నది అదే. ఇంట్లో తెలుగు మాట్లాడితే పిల్లల చదువు వెనకబడుతుందని ఇంకా భయపడేవాళ్లున్నారు, దయచేసి ఈ కుక్క వాక్యాన్ని ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

పైగా శుభవార్త ఏమిటంటే ఈ విభక్తిలో డీ మారదు, డాస్ మారదు, ఏకవచనంలో డేర్ ఒక్కటే మారుతుంది. కానీ డేర్ మాటలు ఏవో తెలిస్తేనే కదా మార్చేది! అక్కడే చిక్కు. మా అన్నయ్య కూతురి నోట్‌బుక్ చూశాను ఒకసారి, పేజీ నిండా ముత్యాల్లాంటి అక్షరాలు, ఎడమవైపు హుండ్, టిష్, టాషె, బూఖ్, కుడివైపు ఇంగ్లీషు అర్థాలు. ఒక్క మాట ముందు కూడా డేర్, డీ, డాస్ లేవు. క్విజ్‌లో అర్థాలన్నీ రైటే, వాక్యాలన్నిటి మీదా ఎర్ర గీతలే. తర్వాత ఆ పిల్ల రంగు పెన్నులు తెచ్చుకుని డేర్ మాటలు నీలంలో, డీ ఎరుపులో, డాస్ ఆకుపచ్చలో మళ్లీ రాసుకుంది. చాలామంది జర్మన్ టీచర్లు చెప్పే పద్ధతే అది, ఆలస్యంగా మొదలుపెడితే మాత్రం పాత మాటలన్నీ మళ్లీ నేర్చుకోవాల్సి వస్తుంది, అందుకే మొదటి వారంలోనే ఇలా రాయడం మొదలుపెట్టమంటున్నాను.

అమ్మానాన్నలకి జర్మన్ రాకపోయినా సాయం చేయొచ్చు. నోట్‌బుక్ తీసుకుని ఆ మొదటి మాటని వేలితో మూసి 'టిష్' అనండి, డేరా, డీనా, డాసా అని అడగండి, రాత్రి భోజనానికి ముందు పది మాటలు చాలు. అవి తడుముకోకుండా వస్తున్నాయంటే బహువచనాలు అడగడం మొదలుపెట్టండి, ఎందుకంటే జర్మన్‌లో ఎక్కువ మాటలకి చివర ఎస్ తగిలిస్తే సరిపోదు, వాటినీ మాటతోపాటే నేర్చుకోవాలి. ఉంటాను, నమస్కారం.