14 నిండితే ఏ పనైనా చేయించొచ్చా? చీమకుర్తి పిల్లాడి లెక్క

నమస్కారం. బాల కార్మిక చట్టం మాటెత్తితే చాలు, ఆన్‌లైన్‌లో రెండు పక్షాలు కొట్టుకుంటున్నాయి. "14 నిండాక పనికి పోతే తప్పేంది, పేదోడి పొట్ట కొడతారా?" అని ఒకరు. "పనిలో పెట్టినోడికి రెండేళ్ల జైలు ఖాయం" అని ఇంకొకరు. ఇద్దరూ చట్టం సగమే చదివారు.

ఒక పిల్లాణ్ణి అనుకుందాం. 15 ఏళ్లు. చీమకుర్తిలో గ్రానైట్ పలకల అంచులు గ్రైండర్‌తో నున్నగా చేసే పని. పెట్టొచ్చా? కుదరదు. 2016 సవరణ తర్వాత 14–18 మధ్య వాళ్లకి ప్రమాదకర పనులు నిషేధం. 2017లో ఇచ్చిన జాబితాలో రాతి క్వారీలు, ఇటుక బట్టీలు, రాయి కోత, పాలిష్ ఉన్నాయి. నీళ్లు పోయకుండా గ్రైండర్ ఆనిస్తే కనుబొమల మీద తెల్లగా పొడి పేరుకుంటుంది. అది కడిగితే పోతుంది. రాతి పొడిలో కంటికి ఆనని సిలికా ధూళి మాత్రం ఊపిరితిత్తుల్లోకి దిగి అక్కడే ఉండిపోతుంది. దానివల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్. అది వచ్చాక దాన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు.

అదే పిల్లాణ్ణి ఒంగోలులో బట్టల కొట్లో పెట్టండి. ఇప్పుడు పెట్టొచ్చు, కానీ గంటల లెక్కుంది. మూడు గంటలు చేశాక గంట విరామం ఇవ్వాలి. విరామం, పనికోసం ఎదురుచూసిన టైమూ కలిపి రోజుకి ఆరు గంటలే. రాత్రి 7 నుంచి పొద్దున 8 దాకా పని చెప్పకూడదు, ఓవర్‌టైమ్ లేదు. పండగ సీజన్లో రాత్రి పది దాకా కౌంటర్ దగ్గర నిలబెడితే అది నేరమే.

వాడికి 13 అనుకోండి. అప్పుడు ఏ కొట్లోనూ కుదరదు, సొంతవాళ్ల దగ్గర తప్ప. అమ్మానాన్న, తోబుట్టువులే కాదు, బాబాయి, మేనత్త, మేనమామ, పిన్ని కూడా ఇందులోకి వస్తారు. బడి అయ్యాక, సెలవుల్లో, ప్రమాదం లేని పనిలో సాయం చేయొచ్చు. నాకు మింగుడుపడనిది ఈ మినహాయింపే. తనిఖీకి వెళ్తే యజమాని "మా మేనల్లుడండీ" అంటాడు, కాదని తేల్చే భారం అధికారి మీద పడుతుంది.

ఇక శిక్ష. 14 లోపు వాళ్లని పనిలో పెట్టినా, 14–18 వాళ్లని ప్రమాదకర పనిలో పెట్టినా యజమానికి ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల జరిమానా, లేదా రెండూ. ఆ "లేదా"ని వదిలేసి పోస్టులు పెడుతున్నారు. రెండోసారి దొరికితే మాత్రం ఏడాది నుంచి మూడేళ్ల జైలు, అక్కడ "లేదా" లేదు. అమ్మానాన్నలకి జైలు లేదు. మళ్లీ అదే తప్పు చేస్తే 10 వేల దాకా జరిమానా, అంతే.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్తా. చీమకుర్తి పిల్లాడి లాంటోడు కనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, లేదా బాల కార్మికుల ఫిర్యాదులు తీసుకునే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ పెన్సిల్ పోర్టల్‌లో రాయండి. ఏ యూనిట్, ఏ పని, ఏ టైమ్‌లో అన్నది చెప్పండి. ముఖం కనిపించేలా వీడియో పెట్టొద్దు. పిల్లాడి ఆనవాళ్లు బయటపెట్టడం నేరం, పైగా తెల్లారేసరికి వాణ్ణి వేరే చోటికి మార్చేస్తారు. వయసు కాగితం లేకుండా పేచీ వస్తే ఇన్‌స్పెక్టర్ వైద్యాధికారికి పంపుతారు. వసూలైన జరిమానా పునరావాస నిధికి పోతుంది, దానికి ప్రభుత్వం ఒక్కో పిల్లాడికి 15 వేలు కలపాలి. అది వాడి పేరున పడిందో లేదో కలెక్టరేట్లో అర్జీ పెట్టి అడగండి.